పచ్చదనం లెక్కతో పాటు ప్రాణుల లెక్కా రాయించండి: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను నెల్లూరు జిల్లాలో డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. జనవరిలో సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ వచ్చిందంటే అందరి నోటా ఒకటే మాట: ఈసారి పులికాట్ సరస్సుకు ఎన్ని పక్షులొచ్చాయి? అడగడం మంచిదే. కానీ ఆ ఒక్క అంకెతో పులికాట్ ఎలా ఉందో తెలియదు. నాటిన మొక్కల సంఖ్య చూసి అడవి ఎలా ఉందో చెప్పలేకపోవడమూ ఇలాంటిదే. ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల చెరువుల్లో, చిట్టడవుల్లో, తీరంలో ఏమేం బతుకుతున్నాయో పద్ధతి ప్రకారం, ఏటేటా, ఊరివాళ్లను కలుపుకొని లెక్క రాయించండని అడగడానికే ఈ లేఖ.

ముందు లెక్కంటే ఏమిటో చెబుతాను. రెండు చెరువులు ఉన్నాయనుకోండి. రెండింట్లోనూ వందేసి పక్షులు, ఐదేసి జాతులు: తెల్లకొంగ, నీటికాకి, బుడబుంగ, నత్తగుల్ల కొంగ, లకుముకి పిట్ట. మొదటి చెరువులో ఒక్కో జాతివి 20 చొప్పున ఉన్నాయి. రెండోదాంట్లో 96 తెల్లకొంగలే. మిగతా నాలుగు జాతులవీ ఒక్కొక్కటే. జాబితా రాస్తే రెండు చెరువులూ సమానం. కానీ కళ్లు మూసుకొని ఏవో రెండు పక్షుల్ని ఎంచితే, అవి వేర్వేరు జాతులవి అయ్యే అవకాశం మొదటి చెరువులో నూటికి దాదాపు 80, రెండోదాంట్లో నూటికి 8. గణాంక శాస్త్రవేత్త సింప్సన్ 1949లో ఇచ్చిన సూచిక చెప్పేది ఇదే. గణిత శాస్త్రవేత్త షానన్ 1948లో సమాచార సిద్ధాంతం కోసం కట్టిన సూత్రాన్నీ పర్యావరణ శాస్త్రవేత్తలు వాడుకుంటారు. అందులో అంకె ఎంత పెద్దదైతే వైవిధ్యం అంత ఎక్కువ. దాని ప్రకారం మొదటి చెరువుకు 1.61, రెండోదానికి 0.22 వస్తుంది. ఎన్ని రకాలున్నాయి, ఏ రకం ఎంత ఉంది, ఈ రెండూ కలిస్తేనే వైవిధ్యం తెలుస్తుంది. రెండో చెరువులో ఆ ఒక్క బుడబుంగ వచ్చే ఏడు రాకపోతే ఆ జాతే ఆ చెరువులో లేనట్టు.

ఇంకో లెక్క మన ప్రాంతానికి మరీ ముఖ్యం. ఒక చోట ఎన్ని జాతులున్నాయి, పక్క చోటికి పోతే ఎన్ని మారుతున్నాయి, మొత్తం ప్రాంతంలో ఎన్ని అనే మూడింటినీ పర్యావరణ శాస్త్రవేత్త విటేకర్ 1960లో విడదీసి ఆల్ఫా, బీటా, గామా అని పిలిచారు. మనకు వెలికొండల పొదల అడవి ఉంది, మెట్ట చెరువులున్నాయి, ఉప్పుటేర్లున్నాయి, ఇసుక దిబ్బలున్నాయి. పొద్దున బయలుదేరితే సాయంత్రానికి అన్నీ చూడొచ్చు. ఒక్కోచోట ఒక్కో రకం జీవులు. చోటు చోటుకీ ఉన్న ఈ తేడానే మన ఆస్తి. అన్ని చెరువుల్లోనూ అవే బొచ్చె, రోహు పిల్లల్ని వదిలి, అన్ని గట్ల మీదా అదే చెట్టు నాటుకుంటూ పోతే విడివిడిగా ఏ చెరువు లెక్కా పెద్దగా తగ్గినట్టు కనబడదు. జిల్లా మొత్తం మీద మాత్రం నష్టపోతాం. కొర్రమీను, బొమ్మిడాయి, జెల్ల కరువైతే ఆ సంగతి మొదట తెలిసేది వల వేసేవాడికి. ఆఫీసుకు తెలియాలంటే చోటు చోటునా కొలవాలి.

ప్రకాశం వైపు జామాయిల్, సుబాబుల్ తోటల సంగతి తీసుకోండి. భారత అటవీ సర్వే సంస్థ నివేదికల్లో, హెక్టారు అంతకు మించిన నేలలో చెట్ల కప్పు పది శాతం దాటితే, అది తోటైనా, సొంత పొలమైనా అటవీ విస్తీర్ణంలో చేరుతుంది. ఉపగ్రహం పైనుంచి పచ్చదనాన్నే చూడగలదు కాబట్టి ఆ పద్ధతిని తప్పుపట్టను. ఆ అంకెను జీవవైవిధ్యంగా చదవడమే తప్పు. రైతు జామాయిల్ వేసుకోవడం అతని బతుకుతెరువు, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ముళ్లపొదల నేలను పనికిరాని భూమి అనుకొని, అక్కడ ఒకే జాతి మొక్కలు నాటి, అడవి పెంచామని రాసుకోవద్దంటున్నాను.

ఆ ముళ్లపొదలు ఏం దాచుకుంటాయో చెప్పడానికి కలివికోడి అనే పక్షి చాలు. పంతొమ్మిదో శతాబ్దంలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ ఇక్కడి జీవుల గురించి యానాది గిరిజనుల్ని అడిగి తెలుసుకునేవారు. ఇంగ్లీషులో ఈ పక్షిని ఆయన పేరుతోనే పిలుస్తారు. 1848లో శాస్త్రలోకానికి తెలిసి, 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్నాక, 1986లో కడప జిల్లా లంకమల అడవి దగ్గర మళ్లీ దొరికింది. అదీ ఒక స్థానికుడి సాయంతో. రాత్రిపూట తిరిగే పక్షి, పగలు ఎంత వెతికినా కంటపడదు. అందుకే పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి అడుగు జాడలు చూశారు, కెమెరాలు పెట్టారు, చీకటి పడే వేళ దాని కూతను టేపులో వినిపించి జవాబు వస్తుందేమో విన్నారు. కనబడలేదు అన్నంత మాత్రాన లేదని రాయకూడదని ఈ పక్షి నేర్పింది. ఏ ప్రాజెక్టుకైనా నడి ఎండాకాలంలో రెండు రోజులు తిరిగి, ఇక్కడ ముఖ్యమైన జీవులేవీ లేవని ఎవరైనా నివేదిక ఇస్తే, దయచేసి ఆ కాగితాన్ని వెనక్కి పంపండి.

కొలవడానికి పెద్ద ఖర్చేమీ ఉండదు. మా పిల్లలతో చెరువు లోపలి అంచున మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉండే చట్రం వేయిస్తాను. అందులో తుంగ ఎంత, గరిక ఎంత, పొన్నగంటి ఎంత, గుంటగలగర ఎంత అని లెక్కబెడతారు. ఒకమ్మాయి మోకాళ్ల మీద కూర్చొని తుంగ దుబ్బు పక్కకు తీస్తే, తడిమట్టిలో నత్తగుల్ల గుడ్లు తెల్లగా కనిపించాయి. నత్తగుల్ల కొంగకు ఆ నత్తలే తిండి. కొంగల్ని మాత్రమే లెక్కబెట్టేవాడికి ఆ గుడ్ల ఊసే తట్టదు. మొదటి చట్రాల్లో కొత్త మొక్కలు గబగబా వస్తాయి, తర్వాత తగ్గుతాయి. ఎన్ని వేసినా కొత్తవి రావడం దాదాపు ఆగిపోయిందంటే ఆ అంచుకు అన్ని చట్రాలు చాలు.

ఒక ఏడాది లెక్కకు మాత్రం విలువ తక్కువ. నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రంలో గూడబాతులు గూళ్లు కట్టాలంటే ఈశాన్య రుతుపవనాల వానకు చెరువు నిండాలి, కడప చెట్ల మొదళ్లు నీళ్లలో నిలవాలి. వాన తప్పిన ఏడు పక్షులు తగ్గితే అది వానవల్లా, తిండి తగ్గడంవల్లా, మనుషుల రద్దీవల్లా అన్నది వరసగా కొన్నేళ్ల లెక్కలుంటేనే విడదీయగలం.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. చట్టం చక్కగా ఉంది. నేను చూసిన ఒక ఊరి రిజిస్టర్‌లో చెరువు చేపల పేజీ ఖాళీ. ఆ ఊళ్లోనే నీళ్ల రంగు చూసి ఏ చేప ఉందో చెప్పగల యానాది పెద్దలున్నారు. వాళ్లను ఎవరూ అడగలేదు. నాకు బాధ కలిగింది అందుకే.

కంభం చెరువు మొదలు నేలపట్టు దాకా కొన్ని చెరువుల్ని, వాటితో పాటు వెలికొండ అంచున కొన్ని పొదల మడుల్ని, తీరాన కొన్ని ఉప్పుటేర్లను ఎంపిక చేయించండి. వానలయ్యాక జనవరిలో ఒకసారి, మే నెలలో ఒకసారి, అవే చోట్ల, అదే వేళకు, అంతే సేపు లెక్క జరగాలి. ఎవరు ఎంతసేపు చూశారో కూడా రాయాలి, లేకపోతే ఈ ఏటి అంకెను పోయినేటి అంకెతో పోల్చలేం. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి జనవరిలోనే జరుగుతోంది కాబట్టి దాన్ని ఆసరాగా పెట్టుకోవచ్చు. లెక్కలు తెలుగులో పంచాయతీ ఆఫీసు గోడ మీద పెట్టాలి. పూడిక తీసే పనికి ఎస్టిమేట్ వేసే ఇంజనీరు ముందుగా ఆ పట్టీ చూడాలి. లెక్కకు వచ్చే యానాదులకు, జాలర్లకు, గొర్రెల కాపర్లకు రోజు కూలీ ఇచ్చి, రిజిస్టర్‌లో వాళ్ల పేర్లు రాయాలి.

మా కాలేజీ పిల్లలూ నేనూ సిద్ధంగా ఉన్నాం. చట్రాలున్నాయి, రెండు బైనాక్యులర్లున్నాయి. వచ్చే జనవరి లెక్కకు మాకు ఏ చెరువు అప్పగిస్తారో మీ అధికారులతో చెప్పించండి.

ఇట్లు,
జంతుశాస్త్ర అధ్యాపకుడు,
నెల్లూరు జిల్లా