శనివారం మీటింగ్‌కి ఒక నోట్‌బుక్ తెండి

అందరికీ నమస్కారం. ఈ శనివారం స్కూల్ అయ్యాక తార్నాకలో కలుస్తున్నాం. ఈసారి విషయం, క్లాసు కంటే ముందు పరిగెత్తే పిల్లలకు ఎలా చెప్పాలన్నది.

పోయినేడు నా ఏడో తరగతిలో ఒక బాబు, నేను బోర్డు మీద లెక్క రాస్తుండగానే జవాబు చెప్పేసేవాడు. అలాంటివే మరో పది ఇచ్చేదాన్ని. నెల తిరిగేసరికి కావాలనే నెమ్మదిగా చేయడం మొదలుపెట్టాడు. ఆ తప్పు నాదే, ఇప్పటికీ బాధగా ఉంటుంది. బీఎడ్‌లో మనకిది ఎవరూ నేర్పలేదు. బీఎడ్‌లో దీనికి ప్రత్యేక స్పెషలైజేషన్ పెట్టవచ్చని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. అంతవరకూ మనమే ఒకరికొకరం నేర్పుకోవాలి.

ఒక పద్ధతి కలిసి ప్రాక్టీస్ చేద్దాం. పాఠం మొదలుపెట్టకముందే చివరి ఐదు కష్టమైన లెక్కలు ఇవ్వడం. అవి చేసేసినవాళ్లకు మిగతా అభ్యాసం వద్దు, ఆ టైమ్‌లో లోతైన ప్రశ్న ఇవ్వాలి. త్రిభుజం కోణాల మొత్తం 180 డిగ్రీలు సరే, మరి బంతి మీద గీస్తే? (ఎక్కువొస్తుంది. బంతి నేను తెస్తాను.)

ఇలాంటి పిల్లల్ని గుర్తించడానికి మార్కులు మాత్రమే చూడకండి. అమెరికా పరిశోధకుడు రెంజుల్లీ 1978లోనే సామర్థ్యంతో పాటు సృజన, పట్టుదల కూడా చూడాలన్నారు. తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లీషులో నోరు విప్పని పిల్లలు మన కళ్లముందే మరుగున పడిపోతున్నారు.

క్లాసు కంటే ముందున్నారేమోనని మీకు అనిపించే ఒక్క పిల్ల లేదా పిల్లాడి నోట్‌బుక్ తెండి, పేరు కనబడకుండా అట్ట వేసి. వచ్చేవాళ్లు ఇక్కడే చెప్పండి, టీ సంగతి చూడాలి.