మా పాట ఏ గడిలో రాయాలి?

సంపాదకులకు,

ఈ మధ్య మా గుంటూరులో ఒక సాంస్కృతిక సంస్థ యువ కళాకారుల పోటీకి దరఖాస్తులు పిలిచింది. శాస్త్రీయం, లలితం, జానపదం, సినిమా అని నాలుగు గడులు. మేం పంపిన పాటలో నాదస్వరం మోహన రాగం ఎత్తుకుంటుంది, కింద బేస్ గిటార్ నడుస్తుంది, దరువేమో డప్పుది. మధ్యలో మా ఊరి దగ్గరి ఉప్పలపాడు చెరువు కొంగల చప్పుడుంది. ‘ఏదో ఒకటి తేల్చుకుని మళ్లీ పంపండి’ అని దరఖాస్తు తిప్పి పంపారు.

నేను పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ పోయే ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. ప్రోగ్రాం అయ్యేసరికి తెల్లవారుజామవుతుంది. చెవుల్లో హోరు తగ్గాలంటే నాకు నిద్రకన్నా ఉప్పలపాడు చెరువుగట్టే నయం. చలికాలంలో అక్కడ తుమ్మచెట్ల నిండా గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు. ఈ కొంగల్లో ఎదిగినవి గొంతు విప్పడం అరుదు. జత పక్షి గూటి దగ్గరుంటే ముక్కు టకటకలాడిస్తాయి. నెమ్మదిగా మొదలై, జోరందుకుని, ఠక్కున ఆగిపోతుంది. రికార్డరుకు స్పాంజి తొడిగి ఆ చప్పుడే పట్టాం.

దాన్ని కంప్యూటర్లో తాళం లెక్క కొట్టే క్లిక్‌కు సరిపెట్టి చూస్తే కుట్టుమిషను చప్పుడైంది. మా డప్పు పెద్దాయన విని, ‘లెక్కలో పెట్టమాకయ్యా, వదిలెయ్. నేనే దాని ఎనకమాల పోతా’ అన్నాడు. అలాగే పోయాడు. కొంగ ఆగిన చోటల్లా తానూ ఆగాడు. ఆ ఖాళీలోంచే నాదస్వరం ఎత్తుకుంది.

ఇదంతా కలగాపులగం అనే పెద్దలున్నారు. మరి కచేరీలో గాయకుడి పక్కన కూర్చునే వయొలిన్ ఎక్కడిది? దాన్ని పాశ్చాత్యుల దగ్గర నేర్చి మన సంగీతంలోకి తెచ్చింది బాలుస్వామి దీక్షితులంటారు. ఆయన అన్న ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు వరసలకు సంస్కృత సాహిత్యం కట్టి నొట్టుస్వరాలు చేశారు. అంతదూరం ఎందుకు, విజయవాడ రేడియో స్టేషన్లో పనిచేసిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ నాలుగే స్వరాలతో మహతి, లవంగి రాగాలు చేశారు. రాగానికి అయిదు స్వరాలైనా ఉండాలని పట్టుబట్టినవాళ్లు అప్పుడూ ఉన్నారు. వీళ్లెవరూ సంప్రదాయం తెలియక చేసినవాళ్లు కారు కదా!

అలాగని ఏది కలిపినా సరే అనను. నెట్‌లో దొరికిన కోయిల కూతను సినిమా ట్యూన్ మీద అతికించి ‘ప్రకృతి సంగీతం’ అంటే మార్కులు కోసేవాళ్లలో నేనే ముందుంటాను. అందుకే నిర్వాహకులకు నా విన్నపం: ‘మిశ్రమ సంగీతం’ అని ఒక గడి పెట్టండి. చప్పుళ్లు ఎక్కడ రికార్డు చేశారో, ఏ వాద్యం ఎందుకు తీసుకున్నారో నాలుగు ముక్కలు రాయమనండి. న్యాయనిర్ణేతల వరసలో ఒక డప్పు కళాకారుణ్నీ కూర్చోబెట్టండి.

ఇంకో మాట. చెరువుగట్టుకు పిక్నిక్‌కొచ్చేవాళ్లు బ్లూటూత్ స్పీకర్లు ఇంట్లోనే పెట్టి రావాలి. గూళ్లు కట్టే కాలంలో ఆ మోతకు పక్షులు బెదురుతాయి. పోయిన ఆదివారం ఒక కుటుంబాన్ని అడిగితే వెంటనే ఆపేశారు, పైగా మా రికార్డరు చెవిన పెట్టుకుని విన్నారు కూడా. అడిగితే ఆపేవాళ్లే ఎక్కువ. గట్టు మొదట్లో ఒక బోర్డు కడితే ఆ అడిగే పని కూడా తప్పుతుంది.

– ఒక కీబోర్డు కళాకారుడు, బ్రాడీపేట, గుంటూరు