కౌన్సెలర్ చేతిలో ఇంటర్నల్ మార్కులు ఉండకూడదు

సంపాదకులకు నమస్కారం.

సెమిస్టర్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ మా అమలాపురం, భీమవరం వైపు ఒకటే మాట వినిపిస్తుంది, పిల్లలు చదవడం లేదు, ఫోన్లు పట్టుకుని కూర్చుంటున్నారు అని. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పేవాడిగా ఈ మాట నేను ఒప్పుకోను. నాలుగు బ్యాక్‌లాగ్‌లు ఉన్న కుర్రాడు ఫోన్ చూసేది చాలాసార్లు సరదాకి కాదు, పుస్తకం తెరిస్తే భయం వేసి.

పరీక్ష భయమంటే చేతులు వణకడం, చెమటలు పట్టడం అనుకుంటాం. మార్కుల్ని ఎక్కువ దెబ్బతీసేది లోపల ఆగకుండా తిరిగే దిగులని మనస్తత్వ శాస్త్రవేత్తలు 1960ల నుంచీ చెబుతున్నారు. లెక్క చేసేటప్పుడు అంకెల్ని కాసేపు గుర్తుంచుకోవడానికి బుర్రలో ఉండే జాగా చాలా కొంచెం, అందులోకి "ఫెయిలైతే ఇంట్లో ఏం చెప్పాలి" అన్నది దూరితే వచ్చిన లెక్క కూడా రాదు. దానికి తోడు తెల్లవార్లూ మేలుకుని చదవడం. చదివింది బుర్రలో కుదురుకోవాలంటే నిద్ర ఉండాలి కదా!

మన దగ్గర ఆ "ఇంట్లో ఏం చెప్పాలి" చిన్న బరువు కాదు. కోనసీమలో ఎంతోమంది తల్లులు కువైట్, మస్కట్‌లలో ఇంటిపని చేసి డబ్బు పంపుతున్నారు. ఆ డబ్బుతో చదివే అమ్మాయి వీడియో కాల్‌లో "అన్నీ పాసయ్యానమ్మా" అనేస్తుంది, అబద్ధం ఎప్పుడు బయటపడుతుందోనన్న టెన్షన్‌తో క్లాసుకి రావడం తగ్గిస్తుంది, అటెండెన్స్ పోయి ఇంకో రెండు సబ్జెక్టులు పోతాయి. రొయ్యల చెరువు దెబ్బతిని అప్పుల పాలైన ఇంటి కుర్రాడిదీ ఇదే వరస.

పైగా ఇంటర్ రెండేళ్లూ స్టడీ అవర్లలో కూర్చోబెట్టి చదివించిన పిల్లలు వీళ్లు, సొంతంగా చదవడం ఎవరూ నేర్పలేదు. మొదటి సెమిస్టర్‌లో ఒక్కటి పోగానే "ఇది నావల్ల కాదు" అని తేల్చేసుకుంటారు. చేయగలనన్న నమ్మకాన్ని బట్టే మనిషి ఎంతసేపు ప్రయత్నిస్తాడన్నది ఉంటుందని మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బాండూరా 1977లోనే రాశారు.

విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒకరైనా ఉండాలని చెప్పింది. నేను చూసిన చోట్ల మాత్రం బోర్డు మీద ఒక లెక్చరర్ పేరు రాసి కౌన్సెలర్ అంటున్నారు. ఇంటర్నల్ మార్కులు వేసేదీ, అటెండెన్స్ తగ్గితే ఇంటికి ఫోన్ చేసేదీ ఆయనే. ఎంత మంచివారైనా ఆయన దగ్గర ఏ పిల్ల నోరు విప్పుతుంది?

కాకినాడ జేఎన్‌టీయూ, ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం అధికారులకు నా విన్నపం ఇదే. అనుబంధ కాలేజీల తనిఖీకి వెళ్లినప్పుడు ల్యాబులు, లైబ్రరీ చూసినట్టే, మార్కులతో సంబంధం లేని కౌన్సెలర్ ఉన్నారా, మాట్లాడుకోవడానికి విడిగా గది ఉందా అని కూడా చూడండి. ఆ మనిషి దొరికేదాకా, 2022 నుంచి కేంద్రం నడుపుతున్న మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416ని వచ్చే సెమిస్టర్ హాల్ టికెట్ల మీద అచ్చు వేయించండి. అది ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

— ఒక డిగ్రీ అధ్యాపకుడు, పాలకొల్లు