వాన సెలవు వస్తే పాఠం ఏ యాప్‌లో?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

2023 జులై చివరి వారంలో పడ్డ వానలు మీకు గుర్తుండే ఉంటాయి. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్లు కురిసింది. ఇటు హనుమకొండలో కాలనీలకు కాలనీలే నీళ్లలో ఉన్నాయి. అట్లాంటప్పుడు బడికి సెలవు తప్పదు. కానీ సెలవు వారం దాటితే పదో తరగతి సిలబస్ మళ్లీ అందదు. అందుకే వానలు ముదరకముందే ఆన్‌లైన్ పాఠాలకు ఏది వాడాలో తేల్చుకున్నాం. "జూమ్ ఉంది, వాట్సాప్ గ్రూపు ఉంది, మళ్లీ కొత్తదెందుకు సార్?" అని చాలామంది అడుగుతున్నారు. జవాబు కొంచెం పొడవుగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నిర్ణయం ఇది: పాఠం, హోంవర్క్, దిద్దడం గూగుల్ క్లాస్‌రూమ్‌లో. సందేహాలు తీర్చే లైవ్ క్లాసు గూగుల్ మీట్‌లో, తక్కువసేపు. వాట్సాప్ నోటీసులకు మాత్రమే.

యాప్‌ల సంగతి తర్వాత, ముందు ఇంట్లో ఫోను సంగతి. చాలా ఇళ్లలో మంచి ఫోను ఒక్కటే. పొద్దున అది నాన్నతో పాటు ఎనుమాముల మార్కెట్‌కో, షాపుకో, డ్యూటీకో వెళ్లిపోతుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే సాయంత్రం ఆ ఒక్క ఫోను కోసం పేచీ. అందరూ పది గంటలకు స్క్రీన్ ముందు కూర్చోవాలని టైంటేబుల్ వేస్తే సగం పిల్లలు గైర్హాజరు అవుతారు, అది వాళ్ల తప్పు కాదు. కరోనాతో బళ్లు మూతపడ్డప్పుడు, 2020 సెప్టెంబర్ 1 నుంచి రాష్ట్రంలో టీ-శాట్ (రాష్ట్ర ప్రభుత్వ విద్యా చానెళ్లు), దూరదర్శన్ యాదగిరి ద్వారా టీవీ పాఠాలు చెప్పింది ఈ ఇబ్బంది వల్లే. ఫోను లేని ఇంటికి కూడా పాఠం చేరింది. కానీ టీవీ చెప్పగలదు గానీ, పిల్లవాడు నోట్‌బుక్‌లో ఏం రాశాడో చూడలేదు. మాకు కావలసింది రెండూ: ఏ టైముకైనా తెరుచుకునే పాఠం, రాసింది టీచర్ కంటపడే దారి.

రెండోది డేటా. వీడియో క్లాసు సెకనుకు 1 మెగాబిట్ చొప్పున లాగితే (8 మెగాబిట్లు ఒక ఎంబీ) గంటకు 450 ఎంబీ అవుతుంది. 40 నిమిషాల క్లాసుకు 300. రోజుకు 1.5 జీబీ వచ్చే రీచార్జి మీద ఇద్దరు పిల్లలు రెండేసి క్లాసులు వింటే 1,200 ఎంబీ అక్కడే ఖర్చు. అదే కెమెరాలన్నీ ఆపేసి, టీచర్ గొంతు, కదలని స్లైడు మాత్రమే వస్తే సెకనుకు 150 కిలోబిట్లలో సర్దుకుంటుంది, అంటే 40 నిమిషాలకు దాదాపు 45 ఎంబీ. తేడా ఎందుకంటే, కదలని బొమ్మను ఒకసారి పంపితే చాలు, మారిన భాగమే మళ్లీ పంపాలి. కదిలే ముఖాలు నలభై ఉంటే అన్నీ క్షణక్షణం మారుతూనే ఉంటాయి. కాబట్టి మన లైవ్ క్లాసుల్లో పిల్లల కెమెరా ఆపే ఉంటుంది. పిల్లవాడు కనపడడం లేదని కంగారు పడకండి. టీచర్లు కూడా స్లైడుకు ఆరు లైన్లకు మించి పెట్టరు. ఐదున్నర అంగుళాల ఫోనులో పన్నెండు లైన్లు ఎవరికీ కనపడవు.

ఇప్పుడు ఒక్కొక్కటీ.

జూమ్‌లో చేరడం అన్నింటికంటే తేలిక. లింకు నొక్కితే చాలు, అకౌంటు కూడా అక్కర్లేదు. ఆ తేలికే దాని చిక్కు. ఏ పేరు పెట్టుకునైనా లోపలికి రావచ్చు, హాజరు నమ్మడానికి లేదు. లింకు బయటికి పోతే ఎవరో తెలియని మనిషి క్లాసులో కూర్చుంటాడు. 2020 ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖ జూమ్ విషయంలో జాగ్రత్తలు చెప్పాక పాస్‌కోడ్, వెయిటింగ్ రూమ్ (టీచర్ రానిచ్చేదాకా బయటే ఆపడం) వాడకం పెరిగింది. అవి పెడితే భయం చాలావరకు తగ్గుతుంది, నిజమే. కానీ ఉచిత అకౌంటులో గ్రూపు మీటింగు 40 నిమిషాలకు తెగిపోతుంది. లెక్క సగంలో ఉండగా తెగితే మళ్లీ అందరినీ పోగేసేసరికి పది నిమిషాలు పోతాయి. ఇంకో చిన్న తలనొప్పి: స్క్రీన్ మీద గీసే సౌకర్యాన్ని టీచర్ ఆపకపోతే ఏడో తరగతి పిల్లలు పటం మీద మీసాలు పెడతారు. అన్నింటికీ మించి, రాసిన పని సమర్పించే చోటు అక్కడ లేదు.

మైక్రోసాఫ్ట్ టీమ్స్‌ను తీసిపారేయలేం. స్కూళ్లకు ఉచితంగా వచ్చే ప్యాకేజీలోనే 300 మంది వరకు మీటింగు, అసైన్‌మెంట్లు, క్లాస్ నోట్‌బుక్ ఉన్నాయి. ఇంటింటా కంప్యూటర్ ఉంటే మేమూ అదే తీసుకునేవాళ్లం. 3 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ఫోనులో మాత్రం అది బరువు. తెరుచుకోవడానికి టైము పడుతుంది, పక్కన ఇంకో యాప్ తెరిస్తే మూసుకుపోతుంది.

వాట్సాప్ అందరికీ అలవాటే. కానీ 38 మంది పిల్లలు నాలుగేసి ఫొటోలు పంపితే 152 ఫొటోలు ఒకే వరుసలో పడతాయి. ఎవరిది ఏదో, ఏది దిద్దామో టీచర్‌కు తెలియదు. ఫొటో కుదించుకుపోయి పెన్సిల్ రాత మసకబారుతుంది. మామూలు గ్రూపులో ప్రతి ఇంటి నంబరూ అందరికీ కనపడుతుంది, ఆడపిల్లల తల్లిదండ్రులు దీని గురించి అడగడం సబబే. పైగా వాట్సాప్‌కు కనీస వయసు 13. ఆరో తరగతి పిల్లలకు ఆ వయసు రాలేదు.

మీట్ ఎందుకు? సొంత జీమెయిల్‌తో పెడితే ముగ్గురు, అంతకు మించి ఉన్న మీటింగు 60 నిమిషాలకే ఆగుతుంది. స్కూలు పేరు మీద తీసుకునే ఉచిత విద్యా ప్యాకేజీలో ఆ పరిమితి లేదు, 100 మంది వరకు చేరవచ్చు. లింకు క్లాస్‌రూమ్ లోపలే ఉంటుంది కాబట్టి బయటివాళ్లు అడిగితే తప్ప రాలేరు. లోటు కూడా చెప్పాలి: ఈ ఉచిత ప్యాకేజీలో మీట్ రికార్డింగ్ లేదు. అందుకే లైవ్ మీద ఆధారపడకుండా, ప్రతి పాఠానికీ టీచర్ పది నిమిషాల లోపు వీడియో విడిగా తీసి క్లాస్‌రూమ్‌లో పెడతారు, 40 ఎంబీ దాటకుండా. నాన్న రాత్రి ఎనిమిదికి ఇంటికొచ్చాక చూసినా అదే పాఠం.

ప్రతి విద్యార్థికీ స్కూలు తరఫున ఒక అకౌంటు ఇస్తున్నాం. అసలు తిప్పలు వచ్చేది ఇక్కడే. ఫోనులో ముందునుంచీ నాన్న జీమెయిల్ ఉంటుంది. మీట్ లింకు నొక్కితే ఫోను ఆ జీమెయిల్‌తోనే తెరుస్తుంది. అప్పుడు "ఆస్క్ టు జాయిన్" అని వస్తుంది, అవతల టీచర్ ఒక్కొక్కరినీ లోపలికి రానిస్తూ కూర్చోవాలి. పేరు కూడా నాన్నదే పడుతుంది, హాజరు పడదు. కాబట్టి వాట్సాప్‌లో లింకు కోసం వెతక్కండి. క్లాస్‌రూమ్ యాప్ తెరిచి, కుడివైపు పైన గుండ్రటి బొమ్మ నొక్కి, స్కూలు అకౌంటు ఎంచుకుని, అక్కడి నుంచే మీట్‌లోకి వెళ్లండి. మొదటిసారి చేరేటప్పుడు ప్లస్ గుర్తు నొక్కి, "జాయిన్ క్లాస్" ఎంచుకుని, డైరీలో అంటించిన కోడ్ కొట్టాలి. కోడ్‌లో అక్షరాల మధ్య ఖాళీ వదలకండి.

హోంవర్క్ పంపడంలో పిల్లలు చేసే పొరపాటు ఒకటుంది. పని తెరిచి, ఫొటో జతచేసి, అయిపోయిందనుకుని ఫోను పక్కన పెట్టేస్తారు. "టర్న్ ఇన్" నొక్కనిదే అది అందినట్టు లెక్క కాదు, గడువు దాటాక "మిస్సింగ్" అని ఎర్రగా చూపిస్తుంది. నొక్కాక "టర్న్డ్ ఇన్" అని కనపడిందో లేదో మీరే ఒకసారి చూడండి. గ్యాలరీలోని ఫొటోలు జతచేస్తే ఒక్కొక్కటి 3 నుంచి 5 ఎంబీ ఉంటుంది. క్లాస్‌రూమ్ యాప్‌లోని కెమెరాతోనే పేజీలను వరుసగా తీసి ఒకే పీడీఎఫ్ చేస్తే చాలా తక్కువలో పోతుంది, టీచర్‌కు పేజీలు కూడా తారుమారు కావు. నోట్‌బుక్‌ను కిటికీ పక్కన నేల మీద పెట్టి నిటారుగా పైనుంచి తీయండి. ట్యూబ్‌లైట్ కింద తీస్తే చేతి నీడ సరిగ్గా లెక్క మీదే పడుతుంది.

స్కూలు అకౌంటుతో మరో లాభం, నాన్న జీమెయిల్‌లోని 15 జీబీ నిండదు. ఇప్పటికే పెళ్లి ఫొటోలతో నిండిపోయిన జీమెయిల్ నుంచి ఫైళ్లు పంపబోతే ఎక్కవు, కొత్త మెయిళ్లు కూడా రావు. పిల్లవాడు ఏ హోంవర్క్ ఇంకా పంపలేదో వారానికోసారి మీ మెయిల్‌కు సమాచారం వచ్చే ఏర్పాటు కూడా ఉంది. కావాలంటే మీ మెయిల్ ఐడీ ఇవ్వండి.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. అందుకే ఈ సంచికతో పాటు గులాబీ రంగు సమ్మతి పత్రం పంపుతున్నాం. పాస్‌వర్డ్ ఎవరు అడిగినా చెప్పకండి, మా పేరు చెప్పి అడిగినా సరే. స్కూలు ఎప్పుడూ వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (నొక్కితే ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు) పంపదు. అట్లాంటిది వచ్చి ఎవరైనా నొక్కి డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

టైంటేబుల్ కేంద్ర విద్యాశాఖ 2020లో ఆన్‌లైన్ చదువుకు ఇచ్చిన ప్రజ్ఞాత మార్గదర్శకాల ప్రకారమే. అవి ఎనిమిదో తరగతి దాకా రోజుకు రెండు, తొమ్మిది నుంచి నాలుగు లైవ్ క్లాసులకు మించొద్దంటాయి, ఒక్కొక్కటి 30 నుంచి 45 నిమిషాలు. మేము ఇంకా తగ్గించాం: ఆరు నుంచి ఎనిమిది వరకు ఒక్కటే, సాయంత్రం 6.30కి. తొమ్మిది, పది తరగతులకు రెండు, 6.30కి ఒకటి, 7.30కి ఒకటి. అన్నీ 35 నిమిషాలే.

వైఫై ఉన్న ఇళ్లకు ఒక మాట. కరెంటు పోతే ఫోనులో చార్జింగ్ ఉన్నా రూటర్ ఆగిపోతుంది. చిన్న రూటర్ యూపీఎస్ (కరెంటు పోయినా రూటర్‌ను నడిపే బ్యాటరీ) కొనేవాళ్లు రూటర్ అడుగున రాసి ఉన్న వోల్టేజీ చూసి కొనండి, కొన్ని 9, కొన్ని 12 వోల్టులు. ఫైబర్ డబ్బా, రూటర్ వేరువేరుగా ఉంటే రెండింటికీ కరెంటు అందాలి.

స్మార్ట్‌ఫోనే లేని ఇళ్లు సిగ్గుపడకుండా క్లాస్ టీచర్‌కు చెప్పండి. వానకు ముందే వారానికి సరిపడా వర్క్‌షీట్లు ప్రింటు తీసి పిల్లల చేతికిస్తాం, బడి తెరిచాక దిద్దుతాం. మార్కుల్లో తేడా ఉండదు.

వచ్చే శనివారం ఉదయం పది గంటలకు కంప్యూటర్ గదిలో ఆరు, ఏడు తరగతుల తల్లిదండ్రులకు, రెండు గంటలకు మిగతావారికి చేయించి చూపిస్తాం. పిల్లవాడు వాడబోయే ఫోనే తీసుకురండి, కనీసం 1 జీబీ ఖాళీ ఉంచండి, సంతకం చేసిన గులాబీ కాగితం మరవకండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు
హనుమకొండ