నాయనమ్మ ఫోటో ఎందుకు పంపలేదంటే

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నీ పీజీ అప్లికేషన్‌లో పెట్టడానికి నాయనమ్మ ఫోటో అడిగితే "చూస్తాలే" అని పెట్టేశాను. కోపం వచ్చిందనుకున్నావేమో, మళ్లీ చేయలేదు. కోపం కాదు. ఫోటో బీరువాలోనే ఉంది. ఎందుకు పంపలేదో నోటితో చెప్పడం నాకు చేతకాదు, అందుకే రాస్తున్నా.

ముందు చదువు సంగతి. జనంతో, నేలతో, నీళ్లతో కలిసి పనిచేసే కళలో పీజీ చేస్తానన్నావు. మీ అమ్మకు ఇంకా టెన్షనే, "ఉద్యోగం ఏమొస్తది?" అని రోజూ అడుగుతుంది. నాకు మాత్రం నువ్వు చెప్పిన చెట్ల సంగతి మనసులో పడింది. జర్మనీలోని కాసెల్‌లో 1982లో జోసెఫ్ బాయిస్ అనే కళాకారుడు 7,000 రాళ్లు కుప్ప పోయించి, మొక్క నాటినప్పుడల్లా ఒక రాయి తీసి పక్కన పాతమన్నాడు. ఆయన 1986లో పోయాడు, చివరి మొక్క మరుసటి ఏడు నాటారు. బత్తాయి తోట పెంచినవాణ్ణి, ఇది నాకు తెలుస్తుంది. పాతిన రాయి అంతే ఉంటుంది, చెట్టు దాన్ని దాటిపోతుంది.

అంతకన్నా ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ సంగతి నన్ను పట్టుకుంది. నవజోత్ అల్తాఫ్ అనే కళాకారిణి అక్కడి కొండగావ్‌లో ఆదివాసీ కళాకారులతో కలిసి చేతిపంపుల చుట్టూ కట్టిన "నల్‌పార్" గద్దెలు. నిండు బిందెను నేల మీంచి ఒక్కసారే తలకెత్తకుండా, మధ్యలో ఆనించుకోను చోటు పెట్టారన్నావు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన బోరింగు దగ్గర మా అమ్మ ఎన్నేళ్లు బిందె ఎత్తిందో! అక్కడ ఒక గూడు కట్టాలని మాకెవరికీ తట్టలేదు.

మన మర్రిగూడ దిక్కు నీళ్లు ఎంత తేటగా ఉండేవో నీకు తెలియదు. కానీ వాటిలో ఎముకలు వంచే, పళ్లకు గార పట్టించే ఫ్లోరైడ్ ఉండేది. దానికి రంగు లేదు, వాసన లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. గ్రానైట్ రాతి పొరల్లోంచి అది ఊరుతుంటే మాకేం తెలుస్తుంది? 1970ల్లో నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి (NEERI) వాళ్లు పటిక, సున్నం కలిపి నీళ్లు తేర్చే పద్ధతి కనిపెట్టారు. దానికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. మా అమ్మ బకెట్లో కొన్నాళ్లు చేసి మానేసింది. పటిక కొనాలి, కలపాలి, తేరేదాకా ఆగాలి. కలుపుకు పోయే ఆడమనిషికి పొద్దున్నే ఆ తీరిక ఎక్కడిది? ఆ సంగతి ఆమెను కూర్చోబెట్టి అడిగినవాళ్లు లేరు. నువ్వు చదవబోయేది ఆ అడగడమే అయితే, కళ్లు మూసుకుని ఫీజు కడతా.

ఇక ఫోటో. నీకు ఊహ తెలిసేటప్పటికే నాయనమ్మ మెడ తిరిగేది కాదు, నడుము వంగిపోయింది. వాకిట్లోకి ఎవరొచ్చినా చెప్పులు చూసి పేరు చెప్పేది. నేను కొత్త చెప్పులు కొన్న రోజు "ఎవరయ్యా?" అని నన్నే అడిగింది. ఆ రోజు నేను ఏడ్చాను, ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఒకసారి కెమెరాలతో కొందరు వచ్చారు. ఎండలో నిలబెట్టారు, నడవమన్నారు, చీర మోకాళ్లదాకా పైకి తీయమన్నారు. ఫోటో కాపీ పంపిస్తామన్నారు. చాన్నాళ్లు పోస్టుమ్యాన్‌ను అడిగింది. పంపలేదు. కాపీ రానందుకు కాదు ఆమె బాధ. "నా మొఖం చూడనే లేదు రా, వంగి చూస్తే కదా కనపడేది" అన్నది.

అందుకే బిడ్డా, ఆమె వంగిన నడుము నీ అప్లికేషన్‌లో పెట్టడానికి నాకు మనసు రాలేదు. ఆమెను అడిగే వీలు ఇప్పుడు లేదు. నల్లాల్లో కృష్ణ నీళ్లు వచ్చాయి, నీ ఈడు పిల్లల పళ్ల మీద ఆ గార కొంత తగ్గింది. కానీ ఒకసారి వంగిన ఎముక ఏ నీళ్లకూ తిరిగి రాదు. అలాంటివాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు, మీ పెద్దమ్మ ఉంది. వాళ్లను అడగొచ్చు. వాళ్లకు నిజంగా కావాల్సింది గోడ మీద బొమ్మ కాకపోవచ్చు. మంచం పక్కన పట్టుకుని లేవడానికి ఒక కర్ర కావచ్చు, బాత్రూమ్‌కు మెట్టు లేని దారి కావచ్చు. అది కూడా మీ చదువులో పనే అయితే నాకు సంతోషం.

బత్తాయి కాపు అమ్మగానే డబ్బులు వేస్తా. దసరాకు నాలుగు రోజులు ముందే రా. పెద్దమ్మకు మోకాళ్లు పట్టేసి మంచం దిగడం లేదు. నువ్వు వస్తున్నావని చెప్తే, ఏ రోజు అని రెండుసార్లు అడిగింది.

నీ నాయన