అమ్మ గుండెనొప్పిని గ్యాస్ అని పంపేయకండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మా మామయ్య పోయిన మూడో రోజు, చిన్నకర్మ జరుగుతుండగానే మా అమ్మకి ఛాతీ పట్టేసి, ఊపిరి ఆడక, చెమటలు పోశాయి. దగ్గర్లోని ఆసుపత్రిలో ఈసీజీ కూడా తీయకుండా "ఏడ్చి ఏడ్చి గ్యాస్ పట్టిందమ్మా" అని మాత్ర ఇచ్చి పంపేశారు. రాత్రికి ఇంకో ఊరు తీసుకెళ్తే ఈసీజీలో తేడా ఉంది, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ అనే ప్రోటీన్ పెరిగింది, అయితే యాంజియోగ్రామ్‌లో బ్లాకులు లేవు. ఎకోలో (గుండె స్కానింగ్‌లో) గుండె కింది భాగం బుడగలా ఉబ్బి కనిపించింది.

దీని పేరు టాకోట్సుబో. 1990లో జపాన్ డాక్టర్లు పెట్టారు, ఆక్టోపస్‌లను పట్టే కుండ ఆకారంలో ఉంటుందని. పెద్ద దుఃఖం, భయం, టెన్షన్ వచ్చినప్పుడు ఒక్కసారిగా పెరిగే అడ్రినలిన్ లాంటి హార్మోన్లు గుండె కండరాన్ని దెబ్బతీస్తాయి. ఈ జబ్బు వచ్చేవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది ఆడవాళ్లే, ఎక్కువమంది నెలసరి ఆగిపోయినవాళ్లు. ఈస్ట్రోజన్ తగ్గడమే కారణం కావచ్చని డాక్టర్లు అనుకుంటున్నారు. చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు, కానీ మొదటి రోజుల్లో ప్రాణం మీదికి రావచ్చు. అమ్మ కోలుకుంది.

30 ఏళ్లు దాటినవాళ్లకి బీపీ, షుగర్ చూస్తున్నారు కదా, అక్కడే ఆడవాళ్లని నెలసరి ఆగిందా, ఇంట్లో ఏదైనా పెద్ద దుఃఖం వచ్చిందా అని కూడా అడిగించండి. ఆయాసం, దవడ నొప్పి, వీపు నొప్పి అని వచ్చిన ఆడమనిషికి ముందు ఈసీజీ తీయమని ప్రతి పీహెచ్‌సీకి రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి.

ఇట్లు,
ఒక కూతురు