కంపెనీ దిగింది సరే, పడవ ఏది?

సంపాదకులు గారికి,
నమస్కారం.

జిల్లాలో గొడవ జరిగినా, గోదారికి వరదొచ్చినా, ఎన్నికలు పడినా మర్నాడు పత్రికల్లో ఒకటే మాట: ‘పారామిలటరీ బలగాలు దిగాయి’. ఊళ్లో అయితే ఇంకా సూటిగా ‘మిలట్రీ వచ్చింది’ అనేస్తారు. వచ్చింది మిలట్రీ కాదు. అదేమిటో, ఎంతమందో, ఎవరి మాట వింటుందో ముందే తెలుసుకుని ఏర్పాట్లు చేసుకోకపోవడం వల్ల మన డెల్టాలో ఆ బలగం సగం పనికే అక్కరకొస్తోంది. మిగతా సగం ఎక్కడ పోతోందో చెప్పడానికే ఈ ఉత్తరం.

పేరు సంగతి ముందు తేల్చేద్దాం. సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్, సీఐఎస్ఎఫ్, ఐటీబీపీ, ఎస్ఎస్‌బీ, ఈ ఐదూ కేంద్ర హోంశాఖ కింది పోలీసు బలగాలు. 2011 నుంచి హోంశాఖ వీటిని కేంద్ర సాయుధ పోలీసు బలగాలనే పిలుస్తోంది. అస్సాం రైఫిల్స్ తీరు వేరు, పాలన హోంశాఖది, ఆపరేషన్లలో ఆజ్ఞ సైన్యానిది. కాకినాడలో ఉన్న కోస్ట్‌గార్డు రక్షణశాఖది. గ్రేహౌండ్స్ 1989లో పుట్టిన మన రాష్ట్ర పోలీసు దళం, కాకినాడ ఏపీఎస్పీ (ఏపీ స్పెషల్ పోలీసు) మూడో బెటాలియన్ కూడా రాష్ట్రానిదే. ఒంటిమీద చుక్కల బట్టలుంటే అందరినీ ఒకే గాటన కట్టేయడం మనకు అలవాటైపోయింది.

పేరు దగ్గర ఇంత పట్టుదల దేనికంటే, అధికారం దాన్నిబట్టే మారుతుంది. శాంతిభద్రతలు, పోలీసు రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోవి. కేంద్ర బలగం వచ్చేది రాష్ట్రానికి సాయంగానే. వచ్చాక జిల్లా ఎస్పీ చూపించిన చోట నిలబడుతుంది. ఎఫ్ఐఆర్ కట్టదు, దర్యాప్తు చేయదు, పట్టుకున్న మనిషిని ఆలస్యం లేకుండా దగ్గరి స్టేషన్‌కు అప్పగించాలి. గుంపును చెదిరిపొమ్మని ఆజ్ఞాపించాల్సింది భారతీయ నాగరిక సురక్షా సంహిత 148వ సెక్షన్ ప్రకారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గానీ, స్టేషన్ అధికారి (ఆయన లేకపోతే ఎస్ఐకి తగ్గని పోలీసు అధికారి) గానీ. మండలాల్లో ఆ మేజిస్ట్రేటు తహసీల్దారే. ఆయన ఆఫీసులో, ఎస్ఐ గారు ఇంకో కూడలిలో, బలగంలోని చిన్న దళం, అంటే ప్లాటూన్, మాత్రం గుంపు ఎదురుగా ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ప్లాటూన్ కమాండర్ ఆజ్ఞ కోసం చూస్తుంటాడు, రాళ్లు మాత్రం ఆగవు. ‘బలగాలు చోద్యం చూశాయి’ అని రాసేముందు, ఆ గంటలో ఆ కూడలికి ఏ అధికారిని కేటాయించారో విలేకరులు ఒక్కసారి అడగాలి.

ఇక కంపెనీ లెక్క. బలగాన్ని పంపేది కంపెనీల చొప్పునే. కాగితం మీద కంపెనీ అంటే 135 మంది దాకా. అందులోంచి వంటవాళ్లు, డ్రైవర్లు, రైటర్లు, సెలవులో ఉన్నవాళ్లు, మకాం దగ్గర ఆయుధాలకు కాపలా ఉండేవాళ్లు పోతే రోడ్డు మీద నిలబడేది డెబ్బై, ఎనభై మంది. అంటే ఎనిమిదేసి మంది ఉన్న తొమ్మిది సెక్షన్లు. ఇద్దరు సెంట్రీలుండే ఒక పికెట్‌ను (కాపలా చోటును) రాత్రింబవళ్లు నడపాలంటే ఎనిమిది గంటల డ్యూటీ చొప్పున ఆరుగురు కావాలి. జ్వరపడ్డవాణ్ణి, సామాన్లకు వెళ్లినవాణ్ణి కలుపుకుంటే ఎనిమిది. ఒక్క పికెట్‌కు సెక్షన్ మొత్తం సరిపోయింది. ఈ లెక్కన కంపెనీ మొత్తాన్నీ పరిచేస్తే తొమ్మిది పికెట్లు. అలా పరిచేసిన కంపెనీ చేతిలో ఏదైనా జరిగితే పంపడానికి మనిషుండడు. కనీసం ఒక ప్లాటూన్‌ను, అంటే మూడు సెక్షన్లను, బండి పక్కనే ఉంచుకోవాలి, అప్పుడు పికెట్లు ఆరే. ఒక్క రాజోలు దీవిలోనే కూడళ్లు, రేవులు ఎన్నో లెక్కపెట్టుకోండి. అందుకే ‘నాలుగు కంపెనీలు’ అని చదివి భయపడనూ అక్కర్లేదు, భరోసా పడనూ అక్కర్లేదు.

దూరం ఇంకో సంగతి. అల్లర్ల కోసం ప్రత్యేకంగా 1992లో పెట్టిన ర్యాపిడ్ యాక్షన్ ఫోర్సు సీఆర్‌పీఎఫ్‌లో భాగం. మనకు దగ్గరున్నది హైదరాబాద్‌లోని 99వ బెటాలియన్. అక్కణ్ణుంచి అమలాపురానికి బరువు బండ్లతో రాత్రంతా ప్రయాణం. కాబట్టి గొడవ మొదలైన తొలి ఏడెనిమిది గంటలు ఎప్పటికీ స్థానిక స్టేషన్‌వీ, ఏపీఎస్పీవే. ఆ బండ్లు వచ్చాకైనా మన కాలవ గట్టు రోడ్ల మీదికి ఎక్కించకూడదు. వానాకాలంలో గట్టు అంచు మెత్తబడి ఉంటుంది, ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే పక్కకు తీయడానికి చోటుండదు. టియర్ గ్యాస్ సంగతీ అంతే. మైదానంలో కాల్చినట్టు తోటల మధ్య ఎత్తి కాలిస్తే షెల్లు కొబ్బరి మట్టలకు తగిలి ఇటే పడుతుంది. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరుగుతుంది, గాలికి ఎదురుగా నిలబడి కాలిస్తే పొగ జవాన్ల కళ్లలోకే వస్తుంది. గాలి ఎటు వీస్తోందో హిందీ మాట్లాడే జవానుకు చెప్పగలిగే కానిస్టేబుల్ ఒకడు సెక్షన్‌కొకడు చొప్పున ఉండాలి. వాడి చేతిలో జిల్లా పోలీసు వైర్‌లెస్ సెట్టు కూడా ఉండాలి, ఎందుకంటే బలగం సెట్లకూ మన స్టేషన్ సెట్లకూ ఫ్రీక్వెన్సీలు వేరు. ఇది మరిచిపోయిన ప్రతిచోటా నలుగురు జవాన్లు సెంటర్లో నిలబడి టీకొట్టు మనిషిని దారి అడుగుతుంటారు.

అసలు చిక్కంతా వరదల్లో. ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) జవాన్లు వేరే ఎక్కణ్ణుంచో రారు, ఇవే కేంద్ర బలగాల నుంచి డెప్యుటేషన్ మీద వస్తారు. మనకొచ్చేది పదో బెటాలియన్, కృష్ణా జిల్లా గన్నవరం దగ్గర కొండపావులూరు నుంచి. (మన కోనసీమలోనూ ఒక గన్నవరం ఉంది, కాబట్టి దాని గురించి చెప్పేటప్పుడు వైర్‌లెస్‌లో ‘గన్నవరం’ అని ఊరుకోకుండా ‘పి.గన్నవరం’ అని విడమర్చి చెప్పాలి.) ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. భద్రాచలంలో పెరిగిన నీరు ధవళేశ్వరం చేరడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. ఆ రోజే మన చేతిలో ఉన్న వ్యవధి. రెండో హెచ్చరిక దాకా ఆగి బృందాన్ని అడిగితే వాళ్లు వచ్చేసరికి చాకలిపాలెం కాజ్‌వే మునిగిపోయి ఉంటుంది, కనకాయలంకకు చీకట్లో పడవ వేయాల్సొస్తుంది. అమావాస్య, పున్నమి పోటు కూడా కలిస్తే కింది లంకల్లో నీరు తీయడానికి ఇంకా ఆలస్యం.

రబ్బరు పడవకు సిబ్బందితో కలిపి పదిమందే లెక్క. మోటారు చెడేది నీటి ఉరవడికి కాదు, నీటి కింద ఉన్నవాటికి. గుర్రపుడెక్క, తెగిన నైలాన్ వలలు ఫ్యాన్‌కు చుట్టుకుంటాయి, షియర్ పిన్ (ఫ్యాన్‌ను ఇరుసుకు పట్టి ఉంచే పిన్ను) ఉన్న మోటారైతే అది విరుగుతుంది. పిన్ను చిటికెన వేలంత ఉండదు, అది లేకపోతే మాత్రం పడవ ఏటికి వదిలేసిన దుంగే. అలాంటి ప్రతి మోటారుకూ నాలుగైదు పిన్నులు, ఒక కత్తి, రెండు తెడ్లు పడవలోనే ఉండాలి. ముళ్ల కంచెకు తగిలితే పడవ అడుగు చీరుకుపోతుంది. అన్నిటికన్నా ప్రమాదం రొయ్యల చెరువులు: గట్లు నీళ్లలో కనపడవు, నీటికి గాలి పట్టించే ఎయిరేటర్ల కేబుళ్లు మాత్రం కరెంటుతో అలాగే ఉంటాయి. సబ్‌స్టేషన్ నుంచి ఫీడరు ఆపారని లైన్‌మన్ నోట విన్నాకే పడవ చెరువుల మీదుగా తీయాలి. గట్టు ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఏ కంచె ఎవరిదో తెలిసిన ఊరి పడవవాడు ముందు కూర్చోకపోతే ఎంత శిక్షణ పొందినా లాభం లేదు. గోదారిలో కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబరు 15న మునిగిన బోటు విషయంలో చూశాం కదా, ఎన్‌డీఆర్‌ఎఫ్ గాలించింది, చివరికి అక్టోబరు 22న బయటికి లాగింది కాకినాడ ధర్మాడి సత్యం గారి బృందం. ఇందులో ఎవరికీ చిన్నతనం లేదు. గాలించడం ఒక విద్య, ఆ ఏట్లో లంగరు వేసి లాగడం మరో విద్య.

పెట్రోలు కూడా ముందే చూసుకోవాలి. టూ స్ట్రోక్ మోటారైతే పెట్రోలులో ఆయిల్ కలపాలి, సాధారణంగా లీటరుకు 20 మిల్లీలీటర్లు. కరెంటు పోతే బంకు పంపు తిరగదు. ఏటిగట్టుకు దగ్గరున్న ఏ బంకుకు జనరేటర్ ఉందో తహసీల్దారు గారి దగ్గర రాసిపెట్టి ఉండాలి.

ఎన్నికలప్పుడు ఇదే నది ఇంకో రకంగా ఇబ్బంది పెడుతుంది. 2024లో పోలింగ్ మే 13న పడింది. ఆ ఎండల్లో ఏరు సన్నబడి నావ ఇసుక మేటలకు తగులుకుంటుంది, మిగిలిన దూరం నడకే. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్టే ఎనిమిది, పది కిలోలు, పైన తుపాకీ, మ్యాగజైన్లు. నావ ఎక్కేటప్పుడు ఆ జాకెట్టు తీసి, లైఫ్ జాకెట్ వేసుకుని, తుపాకీని మెడలో అడ్డంగా కాకుండా ఒక భుజానికి వేలాడదీసుకోవాలి. పడితే వదిలించుకోవడం తేలిక. బూత్ దగ్గర నలుగురుంటే అది సగం సెక్షన్, వాళ్ల పని బయట. ప్రిసైడింగ్ అధికారి పిలిస్తే తప్ప లోపలికి వెళ్లరు, కాబట్టి లోపల జరిగినదానికి వాళ్లను నిలదీయడం తప్పు. పోలింగ్ అయ్యాక స్ట్రాంగ్ రూమ్ లోపలి వలయం కేంద్ర బలగానిది, బయటి కాపలా రాష్ట్ర పోలీసుది. ఆ ఏడు లెక్కింపు జూన్ 4న, అంటే 22 రాత్రులు.

బస గురించి చెప్పకపోతే మా పాత కంపెనీలు మమ్మల్ని క్షమించవు. హైస్కూలు ఇచ్చేశాం అంటారు. వందమందికి మనిషికి 70 లీటర్ల చొప్పున రోజుకు 7,000 లీటర్ల నీళ్లు కావాలి, స్కూలు ట్యాంకు వెయ్యి లీటర్లది. ఆరు మరుగుదొడ్లలో రెండింటికి తలుపులుండవు. తెల్లవారుజామున నాలుగున్నరకు డ్యూటీకి ఎక్కాల్సిన మనుషులు మూడింటికే వరసకట్టాలి. ఆయుధాల గదికి ఒకే తలుపు, కిటికీలకు ఇనుప చువ్వలు, కారని స్లాబు ఉండాలి. సైన్స్ ల్యాబు ఇవ్వకండి, అక్కడ ఆమ్లాలుంటాయి. మెస్సు వాళ్లే నడుపుకుంటారు, కాకపోతే మనం బియ్యం బస్తాలు పంపించి గోధుమపిండి మరిచిపోతుంటాం. ఈ బలగం ఊరికే రాదు, రాష్ట్రం డబ్బు కట్టి తెచ్చుకుంటుంది. నిద్రలేని మనిషిని రోడ్డు మీద నిలబెట్టడానికా ఆ ఖర్చు?

ప్రతి డీఎస్పీ ఆఫీసులో నాలుగు పేజీల కాగితం చాలు: బసకు పనికొచ్చే మూడు భవనాలు, వాటి నీళ్ల లెక్క, బరువు బండ్లు పోగల రోడ్లు, రేవుల వారీగా పంటు, నావలు నడిపేవాళ్ల ఫోన్ నంబర్లు, జనరేటర్ ఉన్న బంకులు, హిందీ వచ్చిన కానిస్టేబుళ్ల జాబితా. ఏటా జూన్ మొదటి వారంలో దాన్ని సరిచూడాలి. ముఖ్యంగా పడవవాళ్ల నంబర్లు. వాళ్లు సిమ్ములు తరచూ మారుస్తుంటారు.

ఇట్లు,
కేంద్ర బలగాల్లో పనిచేసి రిటైరైన కొందరం,
రాజోలు